సంచి ఇచ్చి మెట్లెక్కితే: లెక్క ఆపకుండా ఫైల్ రాయడం ఎలా సాధ్యం?

క్లుప్తంగా: ఒక పెద్ద లెక్కను పంచుకున్న వందల ప్రాసెస్‌లు (ఒకేసారి నడిచే ప్రోగ్రామ్ ప్రతులు) కలిసి ఒకే ఫైల్ రాసేటప్పుడు లెక్క ఆగిపోకుండా ఉండేందుకు, అవి సందేశాలు పంచుకోవడానికి వాడే ఎంపీఐ ప్రమాణంలోకి 2015లో నాన్‌బ్లాకింగ్ (పని పూర్తయ్యేదాకా ఆగని) కలెక్టివ్ (అందరూ కలిసి చేసే) ఫైల్ రాత వచ్చింది. లెక్కనూ రాతనూ ఒకేసారి నడుపుకునే వీలు మాత్రమే అది ఇస్తుంది, తానే నడిపిస్తానని మాట ఇవ్వదు. లాభం కనిపించాలంటే రాతను మధ్యమధ్యలో ముందుకు నెట్టేవాళ్లు ఉండాలి, డేటాకు రెండో చోటు పెట్టుకునే మెమరీ ఉండాలి, డిస్క్‌కూ నెట్‌వర్క్‌కూ ఆ బరువు మోసే సత్తా ఉండాలి.

ప్యారలల్ ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకు తరచూ ఎదురయ్యే తికమక ఒకటుంది. ఫలితాలను ఫైల్‌లోకి రాసే చోట పాత కాల్ (లైబ్రరీకిచ్చే ఆదేశం) తీసేసి నాన్‌బ్లాకింగ్ కాల్ పెడతారు. అది కన్ను మూసి తెరిచేలోగా తిరిగొస్తుంది. టైమర్ చూసి సంతోషపడేలోపే, చివర్లో, రాత పూర్తయ్యేదాకా ఆగే ‘వెయిట్’ కాల్ దగ్గర ప్రోగ్రామ్ కూలబడిపోతుంది. మొత్తం సమయం లెక్కేస్తే ముందెంత పట్టిందో ఇప్పుడూ అంతే. ఖర్చు తగ్గలేదు, ఒక వరుస నుంచి ఇంకో వరుసకు జరిగింది. తప్పు ప్రోగ్రామ్‌లోనా, లైబ్రరీలోనా, యంత్రంలోనా అన్నది వెంటనే తేలదు. చాలాసార్లు మూడింటిలోనూ కొంచెం కొంచెం ఉంటుంది.

తిరుపతి చుట్టుపక్కల ఈ విషయం మరీ దూరపుదేమీ కాదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1992లో వాతావరణ పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై, 2005లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. జిల్లాల విభజన తర్వాత శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. వాతావరణ నమూనాలు, ద్రవాల ప్రవాహం, అణువుల కదలిక లాంటి లెక్కలు చేసే ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫైల్ రాత గోల తప్పదు.

ముక్కలైన డేటా

2021 నవంబర్‌లో తిరుపతిని ముంచెత్తిన వానలు, స్వర్ణముఖి పొంగడం, రాయలచెరువు కట్ట మీద టెన్షన్ ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటాయి. అలాంటి వానను కంప్యూటర్‌లో లెక్కగట్టాలంటే ప్రాంతాన్ని గళ్లుగా విభజిస్తారు. ఉదాహరణకు అడ్డంగా 1000, నిలువుగా 1000 గళ్లు, ఎత్తులో 50 పొరలు అనుకుందాం. ఒక్కో గడిలో ఉష్ణోగ్రతకు 4 బైట్ల సంఖ్య ఒకటి. ఒక పొరకు 40 లక్షల బైట్లు, అంటే 4 మెగాబైట్లు. 50 పొరలకు 200 మెగాబైట్లు. ఈ రోజుల్లో అది ఒక చిన్న వీడియో అంత.

చిక్కు పరిమాణంలో లేదు. ఈ గళ్లను 100 ప్రాసెస్‌లకు పంచితే ఒక్కోదానికి 100 గళ్ల వెడల్పు, 100 గళ్ల పొడవు ఉన్న చదరం వస్తుంది. ఫైల్‌లో మాత్రం సంఖ్యలు వరుస తర్వాత వరుసగా పడాలి. ఒక ప్రాసెస్ చేతిలో ఉన్న చదరంలోని ప్రతి వరుసా ఫైల్‌లో 400 బైట్ల చిన్న తునక. ఆ తునక పక్కన ఉండేది పొరుగు ప్రాసెస్ తునక. ఒక పొరకు ఇలాంటివి 10,000, 50 పొరలకు 5 లక్షలు. ఎవరి తునకలు వాళ్లు రాసుకుంటూ పోతే 200 మెగాబైట్ల కోసం ఫైల్ సిస్టమ్ తలుపు 5 లక్షల సార్లు తట్టినట్టు. అంతకన్నా చేటు ఇంకొకటుంది: లస్టర్ లాంటి సమాంతర ఫైల్ సిస్టమ్‌లు ఫైల్‌లోని భాగాలకు తాళాలు వేసి కాపాడతాయి. ఒకే భాగంలో పదిమంది తునకలు ఉంటే తాళం చేతులు మారడానికే చాలా సమయం పోతుంది.

అందరూ కలిసి రాయడం

దీనికి విరుగుడుగా వచ్చిందే కలెక్టివ్ రాత. ప్రాసెస్‌లన్నీ ఒకే కాల్‌ను కలిసి పిలుస్తాయి. ఎవరి దగ్గర ఏముందో, అది ఫైల్‌లో ఎక్కడ పడాలో లైబ్రరీకి అప్పుడు మొత్తంగా తెలుస్తుంది. అది కొన్ని ప్రాసెస్‌లను ‘అగ్రిగేటర్లు’గా ఎంచుకుని ఫైల్‌లో ఒక్కో పెద్ద భాగాన్ని ఒక్కోదానికి అప్పగిస్తుంది. మొదటి దశలో అందరూ తమ తునకలను సంబంధిత అగ్రిగేటర్‌కు నెట్‌వర్క్ మీద పంపుతారు. రెండో దశలో అగ్రిగేటర్లు మాత్రమే డిస్క్ ముట్టుకుంటాయి, అదీ పెద్ద పెద్ద ముక్కలుగా.

దామలచెరువు మామిడి మండీతో పోల్చవచ్చు. ప్రతి రైతు తెచ్చిన బుట్టల్లోనూ బేనీషా, తోతాపురి, నీలం కలిసి ఉన్నాయనుకుంటే, ఎవరికి వారు మూడు ఊళ్లకు మూడు బండ్లు కట్టడం దండగ. మండీలో రకం వారీగా వేరు చేసి రకానికో లారీ నింపితే సరిపోతుంది. వేరు చేసే శ్రమ అదనమే. కానీ ఆ శ్రమ దగ్గర్లోనే, తక్కువ ఖర్చుతో అయిపోతుంది.

అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో తయారైన రోమియో అనే లైబ్రరీ ఈ రెండు దశల పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చింది. అందులో అగ్రిగేటర్ దగ్గర ఉండే తాత్కాలిక బఫర్ (డేటా నిలిపే మెమరీ) మామూలుగా 16 మెగాబైట్లు. పై ఉదాహరణలో రెండే అగ్రిగేటర్లు ఉంటే ఒక్కోదాని వాటా 100 మెగాబైట్లు, అంటే దాదాపు ఆరు విడతలు. ప్రతి విడతలోనూ తునకలు పోగు చేయడం, రాయడం, మళ్లీ పోగు చేయడం. ఈ ‘విడతలు’ అన్న మాట గుర్తుంచుకోవాలి. నాన్‌బ్లాకింగ్ రాతలో వచ్చే అసలు తలనొప్పి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

1997 నుంచి 2015 దాకా

ప్రాసెస్‌ల మధ్య సందేశాలకు ఎంపీఐ మొదటి ప్రమాణం 1994లో వచ్చింది. ఫైళ్ల సంగతి 1997 నాటి ఎంపీఐ-2లో చేరింది. లెక్కనూ రాతనూ కలిపి నడపాలన్న ఆశ అప్పటికే ఉంది. అందుకే కలెక్టివ్ రాతను రెండు ముక్కలు చేసి ‘బిగిన్’, ‘ఎండ్’ అనే జంట కాల్స్ ఇచ్చారు. బిగిన్ పిలిచి, మధ్యలో లెక్క చేసుకుని, చివర ఎండ్ పిలవడం. వీటికి ఒక పెద్ద పరిమితి: తెరిచిన ఒక ఫైల్ హ్యాండిల్ (ఆ ఫైల్‌ను సూచించే గుర్తు) మీద ఒక సమయంలో ఇలాంటి రాత ఒక్కటే నడవాలి. ఉష్ణోగ్రత రాత మొదలుపెడితే అది ముగిసేదాకా తేమ గురించి అడగకూడదు. పైగా, బిగిన్‌లోనే పని మొత్తం పూర్తి చేసి ఎండ్‌లో ఊరికే తలూపినా ప్రమాణం ప్రకారం తప్పు కాదు. రోమియో చేసిందీ అదే. పేరుకు రెండు ముక్కలు, పనికి ఒకటే.

2012లో వచ్చిన ఎంపీఐ-3.0లో బ్రాడ్‌కాస్ట్ (ఒకరి డేటా అందరికీ), రెడ్యూస్ (అందరి డేటా కలిపి ఒక ఫలితం) లాంటి కలెక్టివ్ సందేశాలకు నాన్‌బ్లాకింగ్ రూపాలు వచ్చాయి. ఫైళ్లకు మాత్రం 2015 జూన్‌లో వెలువడిన ఎంపీఐ-3.1 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు చేరినవి నాలుగే కాల్స్: రాయడానికి రెండు, చదవడానికి రెండు. ఒక జంట ఫైల్ పాయింటర్ (ఫైల్‌లో ఇప్పుడున్న చోటు) ఎక్కడుంటే అక్కడ పనిచేస్తుంది, రెండో జంట చెప్పిన చోట పనిచేస్తుంది. ఎంపీఐ_ఫైల్_ఐరైట్_ఆల్ అన్నది వీటిలో ఎక్కువగా వినిపించే పేరు. ఈ కాల్స్ ‘రిక్వెస్ట్’ అనే గుర్తును తిరిగి ఇస్తాయి. ఒకేసారి ఎన్ని రిక్వెస్టులైనా నడవవచ్చు.

సందేశాల తర్వాత మూడేళ్లకు గాని ఫైళ్ల వంతు రాకపోవడానికి కారణం ఊహించలేనిదేమీ కాదు. బ్రాడ్‌కాస్ట్‌లో ఉన్నవి సందేశాలే. కలెక్టివ్ రాతలో సందేశాలూ ఉన్నాయి, డిస్క్ పనీ ఉంది, వాటి మీద విడతల లూప్ ఉంది. ఆ లూప్‌ను మధ్యలో ఎక్కడైనా ఆపి, తర్వాత అక్కడి నుంచే అందుకునేలా తిరగరాయాలి. వంట మధ్యలో పొయ్యి వదిలి బయటకు వెళ్లి, తిరిగొచ్చి ఏ గిన్నె ఎంతవరకు ఉడికిందో సరిగ్గా గుర్తుపెట్టుకున్నట్టు.

అలిపిరి రసీదు

కాలినడకన తిరుమల వెళ్లేవాళ్లు అలిపిరి దగ్గర సామాను కౌంటర్‌లో సంచి ఇచ్చి రసీదు తీసుకుంటారు. సంచి ఘాట్ రోడ్డు మీద బండిలో వెళ్తుంది, మనిషి 3,550 మెట్లు ఎక్కుతాడు. పైన రసీదు చూపించి సంచి తీసుకుంటాడు. రెండు ప్రయాణాలూ ఒకే సమయంలో జరుగుతాయి. నాన్‌బ్లాకింగ్ రాత ఆశించేది సరిగ్గా ఇదే. సంచి డేటా, రసీదు రిక్వెస్ట్, మెట్లెక్కడం తర్వాతి లెక్క, పైన కౌంటర్ ‘వెయిట్’.

పోలిక నియమాలకు కూడా సరిపోతుంది. ఇచ్చేసిన సంచిలోంచి దారిలో తువ్వాలు తీసుకోవడం కుదరదు. అలాగే కాల్ పిలిచినప్పటి నుంచి వెయిట్ పూర్తయ్యేదాకా ఆ బఫర్‌లోని సంఖ్యలను ప్రోగ్రామ్ మార్చకూడదు. కానీ వాతావరణ నమూనాకు తర్వాతి అడుగులో అదే ఉష్ణోగ్రత పట్టికను మార్చక తప్పదు. అందుకే దాదాపు ప్రతి ప్రోగ్రామూ ముందు డేటాను ఇంకో చోటికి కాపీ చేసి, ఆ కాపీని రాతకు ఇస్తుంది. మెమరీ ఆ మేరకు పెరుగుతుంది. పై ఉదాహరణలో ప్రాసెస్‌కు 2 మెగాబైట్లే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చలరాశులు (ఉష్ణోగ్రత, తేమ లాంటివి) పదులు దాటి, గళ్లు చిన్నవైతే పట్టించుకోక తప్పదు.

బండి ఎవరు తోలాలి?

పోలిక తెగేది ఇక్కడే, తికమక పుట్టేదీ ఇక్కడే. అలిపిరిలో బండికి డ్రైవర్ ఉంటాడు. ఎంపీఐలో చాలాసార్లు వేరే డ్రైవర్ ఉండడు. రసీదు చేతికిచ్చి లైబ్రరీ పక్కకు తప్పుకుంటుంది. ప్రోగ్రామ్ మళ్లీ ఏదో ఒక ఎంపీఐ కాల్‌లోకి అడుగు పెట్టినప్పుడే అది నిద్రలేచి, ఆగిపోయిన చోటి నుంచి కొంత పని ముందుకు జరుపుతుంది. మధ్యలో ప్రోగ్రామ్ గంటసేపు ఒక్క ఎంపీఐ కాల్ కూడా లేకుండా లెక్క చేసుకుంటే, సంచి గంటసేపు అలిపిరిలోనే ఉండవచ్చు. వెయిట్ పిలిచినప్పుడు ఆరు విడతలూ అప్పుడే మొదలవుతాయి. వెయిట్ దగ్గర సమయమంతా పోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

దీన్ని ఎంపీఐ ప్రపంచంలో ‘ప్రోగ్రెస్’ సమస్య అంటారు. లెక్క నడుస్తుండగా వెనక రాత కదిలి తీరాలని ప్రమాణం లైబ్రరీలను కట్టడి చేయదు. చివరికి పూర్తి కావాలి, అంతే.

తోలడానికి ఉన్న దారుల్లో అందరికీ అందుబాటులో ఉన్నది ‘టెస్ట్’ కాల్. లెక్క మధ్యలో అప్పుడప్పుడు టెస్ట్ పిలిస్తే, అయిందా అని అడిగినట్టే అడిగి, రాతను ఒక మెట్టు ముందుకు నెట్టినట్టు అవుతుంది. ఎంత తరచుగా అన్నదే చిక్కు. పొరకోసారి పిలిస్తే 50 సార్లు. అరుదుగా పిలిస్తే విడతల మధ్య ఖాళీలు, అతిగా పిలిస్తే లెక్కకే అడ్డం. ప్రతి విడతకూ కనీసం రెండు మూడు సార్లు నెట్టాలి కాబట్టి విడతల సంఖ్య తెలిస్తే ఒక అంచనాకు రావచ్చు. బఫర్‌ను 16 నుంచి 64 మెగాబైట్లకు పెంచితే విడతలు తగ్గుతాయి, టెస్ట్‌లూ తగ్గించుకోవచ్చు. ఆ మార్పు ఫైల్ తెరిచేటప్పుడు సూచనగా ఇస్తే చాలు, ప్రోగ్రామ్‌లో ఇంకేమీ మారదు. పెద్దగా ఎవరూ ముట్టుకోని ఈ మీట చాలాచోట్ల కోడ్ మార్పుకన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో దారి, ప్రతి ప్రాసెస్‌లోనూ రాతను నెట్టడానికే ఒక ప్రోగ్రెస్ థ్రెడ్ (లెక్క పక్కనే విడిగా నడిచే పని వరుస) పెట్టడం. ఎంపీఐసీహెచ్ లాంటి లైబ్రరీల్లో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో (ప్రోగ్రామ్ బయట పెట్టే సెట్టింగ్‌తో) దీన్ని ఆన్ చేయవచ్చు. అప్పుడు బండికి నిజంగానే డ్రైవర్ దొరికినట్టే. అతని జీతం మాత్రం ప్రోగ్రామే ఇవ్వాలి. థ్రెడ్ ప్రాసెసర్‌లోని ఒక కోర్‌ను తింటుంది, ప్రతి ఎంపీఐ కాల్‌కూ తాళాల భారం తోడవుతుంది. కోర్‌లన్నీ లెక్కతో నిండిపోయిన నోడ్‌లో (క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్‌లో) ఈ థ్రెడ్ వల్ల మొత్తం నెమ్మదించడం వింతేమీ కాదు.

థ్రెడ్ ఉన్నా టెస్ట్ పిలిచినా ఇంకో మెలిక మిగులుతుంది. కొన్ని లైబ్రరీల్లో విడతలోని సందేశాల భాగం మాత్రమే నిజంగా నాన్‌బ్లాకింగ్. డిస్క్‌కు రాసే భాగం లోపల, పని అయ్యేదాకా ఆపి ఉంచే మామూలు కాల్. అలాంటప్పుడు అగ్రిగేటర్‌గా ఉన్న ప్రాసెస్ టెస్ట్ పిలిస్తే అందులోనే చిక్కుకుని, ఆ విడత డిస్క్‌కు చేరేదాకా బయటకు రాదు. మిగతా 98 ప్రాసెస్‌లు లెక్కలో ముందుకు పోతాయి, రెండు వెనకపడతాయి. పక్క గళ్ల విలువల కోసం పొరుగువాళ్లు ఆ రెండింటి కోసం ఆగుతారు, వాళ్ల కోసం వాళ్ల పొరుగువాళ్లు.

ఎంత మిగులుతుంది

లెక్కకు 60 సెకన్లు, రాతకు 40 సెకన్లు పడితే ఒకదాని తర్వాత ఒకటి చేసినప్పుడు 100. రెండూ పూర్తిగా కలిసి నడిస్తే పెద్దదాని పాటి సమయం, అంటే 60. లెక్క 95, రాత 5 అయితే ఎంత కష్టపడినా మిగిలేది 5 సెకన్లే. రెండూ సమానమైతే సగానికి సగం. అంతకు మించి ఎప్పటికీ రాదు. రాత 60, లెక్క 40 అయితే ఇంకో ఇబ్బంది: మొదటి రాత ముగిసేలోపే రెండోదాని సమయం వచ్చేస్తుంది. రిక్వెస్టులు పోగుపడతాయి, వాటితోపాటు కాపీ బఫర్‌లూ. కొన్ని అడుగుల తర్వాత మెమరీ అయిపోతుంది, లేదా ఎక్కడో ఒకచోట వెయిట్ పెట్టక తప్పదు.

ఈ అంకెల్లో కనిపించని లాభం ఒకటుంది, బహుశా అదే ఎక్కువ విలువైనది. మామూలు కలెక్టివ్ రాతలో అందరూ వచ్చేదాకా ఎవరూ కదలరు. వాతావరణ లెక్కలో పని అందరికీ ఒకేలా ఉండదు. శేషాచలం మీద మబ్బు పట్టిన చదరానికి వాన లెక్కలు ఎక్కువ, బంగాళాఖాతం మీద తేటగా ఉన్న చదరానికి తక్కువ. ముందొచ్చినవాళ్లు వెనకొచ్చేవాళ్ల కోసం చేతులు కట్టుకుని నిలబడాలి. నాన్‌బ్లాకింగ్ రాతలో ముందొచ్చినవాడు రసీదు తీసుకుని తర్వాతి అడుగుకు వెళ్లిపోతాడు. పొరుగు గళ్ల విలువలు కావాలి కాబట్టి మరీ దూరం పోలేడు. అయినా ఆ కొద్దిపాటి వదులే ప్రతి రాత దగ్గరా పోగవుతున్న ఎదురుచూపును కొంత కరిగిస్తుంది.

నియమాలు

అన్ని ప్రాసెస్‌లూ ఒకే ఫైల్ మీద కలెక్టివ్ కాల్స్‌ను ఒకే వరుసలో పిలవాలి. ఒకరు నాన్‌బ్లాకింగ్ కాల్, ఇంకొకరు మామూలు కాల్ పిలిచి అవి కలుస్తాయనుకుంటే కుదరదు. రిక్వెస్టులన్నీ ముగిసేదాకా ఫైల్ మూయకూడదు. ఫైల్ తెరవడం, మూయడం, వ్యూ (ఫైల్‌లో ఏ ప్రాసెస్‌కు ఏ భాగం కనిపించాలో) మార్చడం, సింక్ (డేటాను డిస్క్‌కు స్థిరంగా చేర్చడం) చేయడం వీటికి నాన్‌బ్లాకింగ్ రూపాలు లేవు. అడుగుకో కొత్త ఫైల్ తెరిచే అలవాటున్న ప్రోగ్రామ్‌లో ఆ తెరవడం దగ్గరే అందరూ మళ్లీ ఆగుతారు. ఇంత శ్రమా పడి రాతను ఆగకుండా చేసి, ఫైల్ తెరిచే చోట ఆపేసుకోవడం తరచూ జరిగే పొరపాటు.

వెయిట్ పూర్తవడమంటే బఫర్ తిరిగి చేతికొచ్చిందని మాత్రమే. డేటా డిస్క్ మీద స్థిరపడిందని కాదు. అది ఇంకా ఏ తాత్కాలిక క్యాష్‌లోనో ఉండవచ్చు. కరెంటు పోయినా బతకాల్సిన చెక్‌పాయింట్ (లెక్కను తిరిగి అందుకోవడానికి మధ్యలో దాచుకునే స్థితి) అయితే తర్వాత సింక్ పిలవాల్సిందే, దాని దగ్గర ఆగాల్సిందే.

వేరే దారులు

వాతావరణ నమూనా డబ్ల్యూఆర్‌ఎఫ్ వాడేవాళ్లకు ‘క్విల్టింగ్’ తెలిసి ఉంటుంది. కొన్ని ప్రాసెస్‌లను లెక్కలోంచి తప్పించి రాతకే కేటాయిస్తారు. లెక్క చేసేవాళ్లు డేటాను వాళ్లకు పంపేసి ముందుకు పోతారు. బండికి శాశ్వత డ్రైవర్‌ను పెట్టుకోవడమన్నమాట. ప్రోగ్రెస్ సమస్య ఉండదు, ఎంత మందిని కేటాయించాలో ముందే తేల్చుకోవాలి. పీనెట్‌సీడీఎఫ్ లైబ్రరీలో నాన్‌బ్లాకింగ్ కాల్స్ వేరే ఉద్దేశంతో ఉన్నాయి: పది చలరాశుల రాతలను పోగు చేసుకుని చివర ఒక్క పెద్ద కలెక్టివ్ రాతగా మారుస్తాయి. పేరు ఒకటే, అక్కడ మిగిలేది కలిసి నడవడం వల్ల కాదు, చిన్నవి పెద్దవి కావడం వల్ల. హెచ్‌డీఎఫ్5 లైబ్రరీలో వెనక థ్రెడ్‌తో నడిపే అసింక్ పద్ధతి ఉంది. ఒక ప్రోగ్రామ్‌కు ఏది నప్పుతుందో పుస్తకం చూసి చెప్పడం కష్టం. క్విల్టింగ్ లాంటిది నమూనాలో ముందే ఉంటే, కోడ్‌ను పెద్దగా మార్చలేని చోట అదే చౌక.

చిన్న క్లస్టర్ మీద

కాలేజీ ల్యాబ్‌లో ఉండే నాలుగైదు నోడ్‌ల క్లస్టర్‌లో సంగతి ఇంకోలా ఉంటుంది. సెకనుకు ఒక గిగాబిట్ ఈథర్‌నెట్, ఒక సర్వర్ పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ డిస్క్. ఆ తీగ మీద సెకనుకు 125 మెగాబైట్లకు మించి పోవు. 200 మెగాబైట్ల చలరాశికి 1.6 సెకన్లు, పన్నెండు చలరాశులకు 19 సెకన్లు పైన, అదీ అంతా సాఫీగా జరిగితేనే. ఆ 19 సెకన్లూ అదే తీగ మీద పొరుగు గళ్ల విలువలూ అటూ ఇటూ తిరగాలి. రాతను లెక్క కిందికి దాచితే లెక్క నెమ్మదిస్తుంది. పైగా ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఒకే ఫైల్‌ను అందరూ కలిసి సరిగ్గా రాయాలంటే అట్రిబ్యూట్ క్యాషింగ్ (ఫైల్ వివరాలను దగ్గర దాచుకోవడం) తీసేసి మౌంట్ చేయాలని రోమియో అడుగుతుంది. అలా చేస్తే డిస్క్ ఇంకా నెమ్మది.

అందుకే ఐరైట్ ఆల్ పెట్టి లాభం రాలేదని చెప్పేముందు నాలుగు సమయాలు విడివిడిగా కొలవాలి: కాల్‌కు పట్టింది, మధ్య లెక్కకు పట్టింది, వెయిట్‌కు పట్టింది, రాత అసలు లేకుండా అదే లెక్కకు పట్టేది. వెయిట్ పెద్దదై లెక్క మారకపోతే తోలేవాళ్లు లేరు. వెయిట్ చిన్నదై లెక్క ఉబ్బితే తీగ మీదో మెమరీ మీదో పోటీ ఉంది. కాల్‌కు పట్టిన సమయమే పెద్దదైతే లైబ్రరీ పని మొత్తం అక్కడే చేసేస్తోంది, పేరులో ఎన్ని ‘నాన్‌బ్లాకింగ్’లు ఉన్నా.